సర్వరు పేరు మార్చాం, ఏజెంటు మాత్రం పాత దారినే పోతోంది

ఈ నెల మాకు అందిన ప్రశ్నలలో నాలుగు పప్పెట్ గురించినవే కావడంతో వాటికి ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. ఈ సాధనంతో పరిచయం లేని పాఠకుల కోసం ఒక్క మాట: పదుల సంఖ్యలోనో వందల సంఖ్యలోనో ఉన్న యంత్రాలు ఏ స్థితిలో ఉండాలో ముందుగా రాసిపెట్టుకొని, వాటిని ఆ స్థితిలోనే నిలిపి ఉంచడానికి పప్పెట్‌ను వాడతారు. ఒక సర్వరు సూచనలు ఇస్తే, ఒక్కో యంత్రంలో (దాన్నే నోడ్ అంటారు) నడిచే ఏజెంటు అనే ప్రోగ్రాము వాటిని అమలు చేస్తుంది. లూక్ కానీస్ 2005లో దీన్ని రూబీ భాషలో మొదలుపెట్టారు. ఆయన స్థాపించిన సంస్థ 2022లో పర్ఫోర్స్ చేతికి వెళ్లింది. 2025లో వాడుకరుల బృందం ఓపెన్‌వాక్స్ అనే పేరుతో దీని నుంచి వేరు శాఖను విడుదల చేసింది. ఇక్కడ చెప్పే లోపలి పనితీరు ఆ రెండింటికీ వర్తిస్తుంది.

ప్రశ్న: మా కార్యాలయంలో పప్పెట్ సర్వరును కొత్త యంత్రానికి మార్చాం. ఒక నోడ్‌లో 'పప్పెట్ కాన్ఫిగ్ సెట్' ఆదేశంతో కొత్త సర్వరు పేరు ఇచ్చాను. 'పప్పెట్ కాన్ఫిగ్ ప్రింట్' అని అడిగితే కొత్త పేరే చూపిస్తోంది. అయినా వెనుక సర్వీసుగా నడిచే ఏజెంటు పాత సర్వరునే వెతుక్కుంటూ పోతోంది. సర్వీసును రెండుసార్లు ఆపి మొదలుపెట్టినా ఫలితం లేదు. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ రెండు ఆదేశాలనూ సుడో (రూట్, అంటే నిర్వాహకుడి అధికారంతో ఆదేశాన్ని నడిపే మార్గం) లేకుండా, మీ సొంత లాగిన్‌తో ఇచ్చారేమో మొదట చూసుకోండి. నాకు వచ్చే ఇలాంటి ప్రశ్నలలో ఎక్కువ భాగం అక్కడే తేలిపోతాయి.

పప్పెట్‌కు అమరికల ఫైలు ఒక్కటే ఉంటుందనుకోవడం సహజమే గానీ, ఆ ఫైలు ఎక్కడుందన్నది దాన్ని నడిపే మనిషిని బట్టి మారుతుంది. రూట్ వాడుకరిగా నడిపితే, అది 'ఇటిసి' డైరెక్టరీ కింద పప్పెట్‌ల్యాబ్స్ అనే ఫోల్డరులో, దానిలోని పప్పెట్ అనే ఫోల్డరులో వెతుకుతుంది. మామూలు వాడుకరిగా నడిపితే ఆ మనిషి హోమ్ డైరెక్టరీలో, చుక్కతో మొదలై మామూలుగా కంటికి కనిపించని పప్పెట్‌ల్యాబ్స్ ఫోల్డరు లోపల వెతుకుతుంది. మీరు మీ లాగిన్‌తో 'సెట్' అన్నప్పుడు కొత్త పేరు మీ హోమ్ డైరెక్టరీలోని ఫైలులోకి చేరింది, 'ప్రింట్' అన్నప్పుడు అదే ఫైలు నుంచి చదివి చూపింది. ఏజెంటు సర్వీసు మాత్రం రూట్‌గా నడుస్తుంది కాబట్టి దానికి ఆ ఫైలు ఉందన్న సంగతే తెలియదు. రాసిందీ చదివిందీ ఒకే తప్పుచోటు కావడం వల్ల రెండూ చక్కగా సరిపోలాయి, మీకు అనుమానం రాలేదు. 'సుడో పప్పెట్ కాన్ఫిగ్ ప్రింట్ కాన్ఫ్‌డిర్' (కాన్ఫ్‌డిర్ అంటే అమరికల ఫైలు ఉండే డైరెక్టరీ) అని ఒకసారి, సుడో లేకుండా ఒకసారి అడిగి చూడండి. రెండు వేర్వేరు దారులు కనిపిస్తే రోగం తెలిసినట్టే.

అలా కాక, సుడోతోనే చేశానంటారా, అప్పుడు చూడవలసింది ఫైలులోని విభాగాలను. పప్పెట్.కాన్ఫ్ ఫైలులో మెయిన్, ఏజెంట్, సర్వర్, యూజర్ అనే విభాగాలు ఉంటాయి (సర్వర్ విభాగానికి పాత వెర్షన్లలో మాస్టర్ అని పేరు). ఏదైనా ఒక అమరిక విలువ కావలసి వచ్చినప్పుడు పప్పెట్ ముందుగా నడుస్తున్న ప్రోగ్రాము తన జ్ఞాపకంలో పెట్టిన విలువను, తరువాత కమాండ్ లైన్‌లో ఇచ్చినదాన్ని, కొన్ని అమరికల విషయంలో ఎన్విరాన్‌మెంట్ (ప్రొడక్షన్, పరీక్షలు అన్నట్టు నోడ్‌లను విడదీసి ఒక్కో గుంపుకు వేరే కోడ్ ఇచ్చే ఏర్పాటు) సొంత ఫైలును, ఆ పైన తాను ఏ పాత్రలో నడుస్తోందో ఆ విభాగాన్ని, ఆఖరున మెయిన్ విభాగాన్ని వరసగా చూసి, ఎక్కడా దొరకకపోతేనే పుట్టుకతో వచ్చిన డిఫాల్ట్ విలువను తీసుకుంటుంది. విభాగం పేరు చెప్పకుండా 'సెట్' అంటే కొత్త విలువ మెయిన్‌లోకి వెళుతుంది. మీకు ముందు పనిచేసినవారు ఎవరో ఏజెంట్ విభాగంలో పాత పేరు రాసి ఉంటే, ఏజెంటు దాన్నే ముందు చూస్తుంది కాబట్టి మీరు మెయిన్‌లో ఎన్నిసార్లు మార్చినా దానికి పట్టదు. విభాగం చెప్పకుండా 'ప్రింట్' అన్నప్పుడు కూడా అది మెయిన్‌నే చూపుతుంది. అందువల్ల ఏజెంటు సంగతి తెలుసుకోవాలంటే 'సెక్షన్ ఏజెంట్' అనే ఆప్షన్ జోడించి అడగడం తప్పనిసరి.

మూడో అవకాశం అరుదైనదే గానీ చెప్పి ఉంచుతాను. ఆ ఫైలులో సర్వర్ లిస్ట్ అనే అమరిక ఉంటే, సర్వర్ అనే అమరికలో మీరు ఏ పేరు రాసినా దాన్ని పక్కకు నెట్టి ఆ జాబితాలోని పేర్లకే ఏజెంటు వెళుతుంది.

సర్వీసును ఆపి మొదలుపెట్టడం గురించి కూడా ఒక మాట. ఏజెంటు డీమన్ (వెనుక నడిచే సర్వీసు) తన ఫైలు మారిందేమోనని దానంతట అదే చూసుకుంటుంది, ఆ తనిఖీ వ్యవధి డిఫాల్ట్‌గా 15 సెకన్లు. కనుక సరైన ఫైలులో సరైన విభాగాన్ని మార్చి ఉంటే పునఃప్రారంభం లేకుండానే తరువాతి విడతలో, అంటే డిఫాల్ట్ లెక్కన 30 నిమిషాలలోపు, ఆ మార్పు అమలులోకి రావాలి. రాలేదంటే చదివే ఫైలు వేరన్నమాట. సర్వీసును ఇంకో పదిసార్లు ఆపినా అది మారదు.

ప్రశ్న: నేను రూబీ ప్రోగ్రామరును. పప్పెట్‌ను కమాండ్‌గా కాక లైబ్రరీగా నా స్క్రిప్టులోకి తెచ్చుకొని, దాని రిసోర్స్ టైపులను (ఫైలు, ప్యాకేజీ, సర్వీసు వంటి, పప్పెట్ నిర్వహించే వస్తువుల రకాలను) వాడుకోవాలని ప్రయత్నిస్తున్నాను. 'రిక్వైర్ పప్పెట్' అన్న తరువాత వార్‌డిర్ (పప్పెట్ తన పని సమాచారాన్ని దాచుకునే డైరెక్టరీ) వంటి అమరికను అడిగితే దోషం వస్తోంది. 'ఇనిషియలైజ్ సెట్టింగ్స్' అనే మెథడ్‌ను పిలవాలని తెలిసి పిలిచాను. ఆ తరువాత నా స్క్రిప్టులోని ఇంకో ఫైలు కూడా దాన్నే పిలవడంతో, ఒకసారి కంటే ఎక్కువ ఇనిషియలైజ్ చేస్తున్నారన్న దోషంతో మొత్తం ఆగిపోయింది. లైబ్రరీని తెచ్చుకోగానే ఈ పని దానంతట అదే జరిగిపోయేలా ఎందుకు రాయలేదు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇది చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు. అమరికల ఫైలు ఎక్కడుందో తెలియాలంటే కాన్ఫ్‌డిర్ విలువ తెలియాలి. ఆ కాన్ఫ్‌డిర్ కూడా ఒక అమరికే. దాన్ని కమాండ్ లైన్‌లో మార్చవచ్చు, వాడుకరిని బట్టీ అది మారుతుంది. పైగా 'పప్పెట్ ఏజెంట్', 'పప్పెట్ అప్లై' (సర్వరుతో పనిలేకుండా ఆ యంత్రంలోనే కోడ్‌ను అమలు చేసేది) వంటి ఉప ఆదేశాలు ఒక్కొక్కటి విడి రూబీ ఫైలు కాబట్టి, వాటిని వెతికి లోడ్ చేస్తే తప్ప ఈ ప్రోగ్రాము ఏ పాత్రలో నడవబోతోందో తెలియదు. వాటిని ఎక్కడ వెతకాలో చెప్పేవి మళ్లీ అమరికలే. ఈ ముడిని పప్పెట్ రెండు అంచెలుగా విప్పుతుంది.

మీరు 'రిక్వైర్' అన్నప్పుడు జరిగేది కేవలం ప్రకటన. లైబ్రరీలోని డిఫాల్ట్స్ అనే ఫైలు వందకు పైబడిన అమరికల పేర్లు, రకాలు, డిఫాల్ట్ విలువలు చెప్పి ఊరుకుంటుంది. వాటిలో చాలా భాగం ఇతర అమరికల మీద ఆధారపడి ఉంటాయి. ఉదాహరణకు సర్టిఫికెట్ల డైరెక్టరీ విలువ 'కాన్ఫ్‌డిర్ లోపల ఎస్ఎస్ఎల్' అని ఉంటుంది తప్ప పూర్తి దారి రాసి ఉండదు. అడిగిన క్షణంలోనే ఆ కాన్ఫ్‌డిర్ స్థానంలో అసలు విలువను చేర్చి జవాబిస్తారు. కాన్ఫ్‌డిర్‌కూ వార్‌డిర్‌కూ మాత్రం ప్రకటనలో డిఫాల్ట్ విలువ ఏదీ ఉండదు. ఆ ఖాళీని నింపకముందే వాటిని, లేదా వాటి మీద ఆధారపడినవాటిని అడిగితే దోషం రాక మానదు. మీకు మొదట ఎదురైనది ఇదే.

ఇక మీరు పిలిచిన మెథడ్ మొదటి అంచెలో కమాండ్ లైన్‌లోని సాధారణ ఆప్షన్లను ఉప ఆదేశం పేరు తగిలేదాకా చదివి, ఆ తరువాత పప్పెట్.కాన్ఫ్‌ను వెతికి చదువుతుంది. 'గ్లోబల్ అమరికలు సిద్ధం' అన్న గుర్తు అక్కడ పెడుతుంది. రెండో అంచెలో ప్రోగ్రాము పాత్రను బట్టి, వాడుకరిని బట్టి కాన్ఫ్‌డిర్, కోడ్‌డిర్, వార్‌డిర్, లాగ్‌డిర్ వంటి విలువలను నింపుతుంది. కొన్ని అమరికలకు విలువ స్థిరపడగానే నడవవలసిన చిన్న కోడ్ ముక్కలు తగిలించి ఉంటాయి, అవి నడిచేది కూడా ఈ దశలోనే. లాగ్ స్థాయి అమరిక ఇందుకు మంచి ఉదాహరణ, ఎందుకంటే దాని విలువ తేలగానే లాగింగ్ వ్యవస్థకు ఆ స్థాయిని చెప్పవలసి ఉంటుంది. ఆ పైన ఎన్విరాన్‌మెంట్లను వెతికే యంత్రాంగంతో సహా ఒక కొత్త కాంటెక్స్ట్‌ను ప్రోగ్రాము మొత్తానికి వర్తించేలా నిలబెడుతుంది. దానికి ముందు ఉండేది ఒకే ఒక్క ఎన్విరాన్‌మెంట్. దాని పేరు రూట్, దానిలో మాడ్యూళ్లు (పప్పెట్ కోడ్ కట్టలు) ఏవీ ఉండవు. అందువల్ల ఇనిషియలైజ్ చేయకముందే మాడ్యూల్‌లోని రిసోర్స్ టైపును అడిగినవారికి 'లేదు' అన్న జవాబు వస్తుంది. దోషమైనా వస్తే మేలుగానీ, ఈ నిశ్శబ్దమైన 'లేదు' మనుషులను గంటలకొద్దీ తిప్పుతుంది.

లైబ్రరీని తెచ్చుకోగానే ఇదంతా ఎందుకు జరగదన్నదానికి జవాబు ఇప్పటికే మీకు తోచి ఉంటుంది. ఏ ఆప్షన్లతో, ఎవరి ఫైలుతో మొదలుపెట్టాలో లైబ్రరీకి తెలియదు, పిలిచేవారికే తెలుసు. ఫైలు తప్పనిసరిగా ఉండాలా వద్దా అన్నది కూడా ఆ మెథడ్‌కు మనమే చెప్పవచ్చు. కమాండ్ లైన్ పప్పెట్ ఈ వెసులుబాటును తానే వాడుకుంటుంది: మొదటి పదం హెల్ప్ గానీ వెర్షన్ గానీ అడిగేదైతే ఫైలు తప్పనిసరి కాదని చెప్పి మొదలవుతుంది. అమరికల ఫైలు లేక ఇబ్బంది పడుతున్నవాడికి సహాయం పేజీ కూడా దొరకకపోతే ఎలా!

రెండోసారి పిలిస్తే ఒప్పుకోకపోవడం కఠినంగా తోచవచ్చుగానీ, నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. మొదటి పిలుపు తరువాత ఎందరో అమరికలను చదివి, ఆ దారులతో ఫైళ్లు తెరిచి ఉంటారు. మధ్యలో నేలను లాగేస్తే సగం ప్రోగ్రాము పాత డైరెక్టరీలోనూ సగం కొత్తదానిలోనూ నడుస్తుంది. ఇనిషియలైజ్ చేసే బాధ్యతను మీ స్క్రిప్టు ప్రవేశద్వారమైన ఒకే ఫైలుకు అప్పగించండి. ఒకవేళ ఆ ఫైలును ఎవరు ముందు పిలుస్తారో చెప్పలేని పరిస్థితి ఉంటే, గ్లోబల్ అమరికలు ఇప్పటికే సిద్ధమయ్యాయా అని అడిగే మెథడ్ సెట్టింగ్స్ వస్తువుకు ఉంది. దాని పేరు 'గ్లోబల్ డిఫాల్ట్స్ ఇనిషియలైజ్డ్', చివర ప్రశ్నార్థకం. దాన్ని అడిగి, కాలేదంటేనే పిలవండి. ఆర్‌స్పెక్ (రూబీ కోడ్‌ను పరీక్షించే సాధనం) పరీక్షలలో మాత్రం ఈ మెథడ్ జోలికి పోవద్దు. పప్పెట్ తనతోపాటు ఇచ్చే టెస్ట్ హెల్పర్ ప్రతి పరీక్షకూ ముందు అమరికలను నిలబెట్టి, తరువాత చెరిపేస్తుంది. అది కాన్ఫ్‌డిర్ వంటివాటికి 'డెవ్ నల్' అనే శూన్య ఫైలును చూపుతుంది కాబట్టి పరీక్షలు మీ యంత్రంలోని అసలు అమరికలను పొరపాటున కూడా ముట్టుకోవు.

ఇలా లైబ్రరీగా వాడినప్పుడు మీ స్క్రిప్టు యూజర్ పాత్రలో నడుస్తుందని, కాబట్టి ఏజెంట్ విభాగంలో రాసిన విలువలు దానికి కనిపించవని గుర్తుంచుకోండి. పై వరంగల్ పాఠకుని చిక్కు మీకు ఇంకో రూపంలో ఎదురుకావచ్చు. ఏజెంటుకూ మీ స్క్రిప్టుకూ ఉమ్మడిగా అవసరమయ్యే విలువలను మెయిన్‌లో ఉంచడమే మేలు.

ప్రశ్న: ఒక మాడ్యూల్‌లో సొంత రిసోర్స్ టైపును రూబీలో రాశాం. నా యంత్రంలో 'పప్పెట్ అప్లై' చక్కగా నడిచింది. పరీక్షల ఎన్విరాన్‌మెంట్‌లో ఆ టైపుకు ఒక కొత్త పారామీటరు చేర్చి సర్వరులో పెట్టాం. అప్పటి నుంచి పరీక్షల నోడ్‌లలో ఒక విడత సజావుగా నడుస్తుంది, తరువాతి విడతలో ఆ పారామీటరు తెలియదంటూ దోషం వస్తుంది, మళ్లీ నడుస్తుంది. ఏజెంటులో టైపు దొరకలేదన్న దోషం కూడా ఒకటి రెండుసార్లు చూశాం. కోడ్ ఒకటే కదా, ఈ దోబూచులాట ఏమిటి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: టైపు దొరకకపోవడాన్ని ముందు తేల్చేద్దాం. పప్పెట్‌లోని ఆటోలోడ్ అనే తరగతి టైపులను పేరును బట్టి వెతుకుతుంది. మాడ్యూల్‌లో లిబ్, దానిలో పప్పెట్, దానిలో టైప్ అనే ఫోల్డరులో మీ టైపు పేరుతోనే ఒక రూబీ ఫైలు ఉండాలి. ప్రొవైడర్లయితే (టైపు చెప్పిన పనిని యంత్రంలో నిజంగా చేసే కోడ్) ప్రొవైడర్ అనే ఫోల్డరులో టైపు పేరుతో ఇంకో ఫోల్డరు, దాని లోపల ప్రొవైడర్ పేరుతో ఫైలు ఉండాలి. పేరులో అండర్‌స్కోర్ ఒక్కటి తేడా వచ్చినా ఆటోలోడ్ దోషం చెప్పదు, దొరకలేదని మౌనంగా వెనక్కి వస్తుంది. ఆ తరువాత 'తెలియని రిసోర్స్ టైపు' అన్న ఫిర్యాదు వేరేచోట నుంచి వస్తుంది. ఫైలు దొరికి, దానిలోని రూబీ కోడ్‌లో తప్పుంటే 'ఆటోలోడ్ చేయలేకపోయాను' అంటూ ఫైలు పేరుతో సహా దోషం వస్తుంది. మొదటి ఫిర్యాదు వస్తే పేర్లనూ దారులనూ, రెండోది వస్తే కోడ్‌నూ చూడాలి.

వెతికే చోట్లు కూడా ఆదేశాన్ని బట్టి మారతాయి. అప్లై, రిసోర్స్ వంటి ఆదేశాలు ఎన్విరాన్‌మెంట్‌లోని మాడ్యూళ్ల లిబ్ ఫోల్డర్లను రూబీ వెతుకుదారిలో చేర్చుకొని నేరుగా వాటి నుంచే లోడ్ చేస్తాయి. ఏజెంటు అలా చేయదు. ప్రతి విడత మొదట్లో ప్లగిన్‌సింక్ ద్వారా సర్వరు నుంచి తన లిబ్‌డిర్‌లోకి దింపుకొన్న కోడ్‌ను మాత్రమే వాడుతుంది. అందుకే అప్లై నడవడం ఏజెంటు నడుస్తుందనడానికి హామీ కాదు. ఏజెంటులో టైపు కనిపించకపోతే వార్‌డిర్ కింద ఉన్న ఆ లిబ్ ఫోల్డరులోకి మీ ఫైలు చేరిందో లేదో చూడండి.

ఇప్పుడు అసలు దోబూచులాట. రూబీలో ఒక తరగతి ప్రోగ్రాము మొత్తానికీ ఒక్కటే. సర్వరులోని ఒక రూబీ ఇంటర్‌ప్రెటర్ మీ టైపును మొదటిసారి ఏ ఎన్విరాన్‌మెంట్ కోసం లోడ్ చేసిందో, ఆ నిర్వచనమే తరువాత వచ్చే అన్ని ఎన్విరాన్‌మెంట్ల కేటలాగుల (ఒక్కో నోడ్‌కు సర్వరు పంపే సూచనల జాబితాల) తయారీకీ అందుతుంది. ప్రొడక్షన్ నోడ్ ముందు వస్తే పాత నిర్వచనం కూర్చుంటుంది, అప్పుడు పరీక్షల ఎన్విరాన్‌మెంట్‌లోని కొత్త పారామీటరు దానికి తెలియదు. దీన్ని ఎన్విరాన్‌మెంట్ల మధ్య లీకేజీ అంటారు. అయితే ఒకసారి నడిచి ఒకసారి ఆగడం ఎందుకంటారా? పప్పెట్ సర్వరు జావా వర్చువల్ మెషీన్ మీద, జెరూబీ ఇంటర్‌ప్రెటర్లు కొన్నింటిని పక్కపక్కన నిలబెట్టుకొని నడుస్తుంది. ఒక్కొక్కటి తన కోడ్‌ను తాను విడిగా లోడ్ చేసుకుంటుంది. వాటిలో కొన్ని పాత నిర్వచనంతోనూ కొన్ని కొత్తదానితోనూ కూర్చున్నాయి. మీ నోడ్ విన్నపం ఏ ఇంటర్‌ప్రెటర్ వాటాకు పడితే దాని ఫలితం మీకు వస్తోంది. సర్వరును పునఃప్రారంభిస్తే కాసేపు బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ, ముందు ఎవరు వస్తారన్న పందెం మళ్లీ మొదలవుతుంది.

దీనికి పప్పెట్ 2016లో ఒక మార్గం ఇచ్చింది. 'పప్పెట్ జనరేట్ టైప్స్' అనే ఆదేశాన్ని ఎన్విరాన్‌మెంట్ పేరుతో సహా నడిపితే, అది మీ రూబీ టైపులను చదివి, వాటి పారామీటర్ల వివరాలను పప్పెట్ భాషలోనే చిన్న ఫైళ్లుగా ఆ ఎన్విరాన్‌మెంట్ లోపల, చుక్కతో మొదలయ్యే రిసోర్స్ టైప్స్ అనే ఫోల్డరులో రాసిపెడుతుంది. కేటలాగు తయారుచేసేటప్పుడు సర్వరు ఆ ఫైళ్లను చూసుకుంటుంది, రూబీ తరగతిని లోడ్ చేయవలసిన పనే ఉండదు. టైపు మారినప్పుడల్లా, అన్ని ఎన్విరాన్‌మెంట్లకూ, దీన్ని మళ్లీ నడపాలి. ఒక్కదానికి నడిపి ఇంకోదాన్ని వదిలేస్తే పాత చిక్కు సగం మిగిలిపోతుంది. ఆర్‌10కే (పప్పెట్ కోడ్‌ను ఎన్విరాన్‌మెంట్లకు చేరవేసే సాధనం) తో కోడ్ పంపిణీ చేసేవారు దానిలోనే ఈ పని చేయించే ఆప్షన్‌ను పెట్టుకుంటే మరిచిపోయే అవకాశం ఉండదు.

ఈ రక్షణ రిసోర్స్ టైపులకే పరిమితం. ఆ టైపుల నుంచి, ఫంక్షన్ల నుంచి 'రిక్వైర్' చేసే సహాయక రూబీ ఫైళ్లు, పాత పద్ధతిలో రాసిన ఫంక్షన్లు ఇంకా లీకవుతూనే ఉంటాయి. పప్పెట్ 4తో వచ్చిన కొత్త పద్ధతి ఫంక్షన్లకు లోడర్ వేరు. ప్రతి మాడ్యూల్‌కూ సొంత లోడర్ ఉంటుంది, అది ఆ మాడ్యూల్ తన మెటాడేటా ఫైలులో ఆధారపడుతున్నానని ప్రకటించిన మాడ్యూళ్లనే చూస్తుంది. పాత ఫంక్షన్లు ఇంకా మీ దగ్గర ఉంటే వాటిని ఈ పద్ధతిలోకి మార్చుకోవడం శ్రమకు తగిన పనే. ప్రొవైడర్ల గురించి ఈ విషయంలో బెంగ అక్కరలేదు, ఎందుకంటే వాటి అసలు పని ఏజెంటు యంత్రంలో జరుగుతుంది, అక్కడ ఒక విడతకు ఒక ఎన్విరాన్‌మెంట్ కోడే ఉంటుంది.

ప్రశ్న: ఎన్విరాన్‌మెంట్‌కు ఒక సొంత అమరికల ఫైలు ఉంటుందని విన్నాను. అయితే పప్పెట్.కాన్ఫ్‌లోని అమరికలన్నింటినీ ఎన్విరాన్‌మెంట్‌కు ఒక తీరుగా మార్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కుదరదు. ఎన్విరాన్‌మెంట్.కాన్ఫ్ ఫైలులో అనుమతించేవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని. మాడ్యూళ్లను వెతికే దారి, మొదటి మానిఫెస్ట్ (పప్పెట్ భాషలో రాసిన కోడ్ ఫైలు) ఎక్కడుందన్నది, కేటలాగు వెర్షన్ చెప్పే స్క్రిప్టు, ఎన్విరాన్‌మెంట్‌ను ఎంతసేపు కాష్‌లో ఉంచుకోవాలన్న గడువు వాటిలో ముఖ్యమైనవి. సర్వరు పేరు, సర్టిఫికెట్ల డైరెక్టరీ వంటివి అక్కడ రాసినా చెల్లవు. ఆ గడువుకు డిఫాల్ట్ విలువ సున్నా, అంటే కాష్ లేదన్నమాట. వేగం కోసం దాన్ని అపరిమితంగా పెట్టుకున్నవారు కొత్త కోడ్ పంపిణీ చేసిన ప్రతిసారీ సర్వరుకు కాష్ ఖాళీ చేయమని చెప్పాలి, లేదా దాన్ని రీలోడ్ చేయాలి.